వర్జిల్ చేసిన తప్పేమిటి?

డివైన్ కామెడీ చదివినవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట వర్జిల్ మీదికి రాక మానదు. వచ్చిన కాసేపటికి ఒకరు “పాపం, వర్జిల్!” అంటారు. రెండోవారు “ఏం చేస్తాం, ఆ కాలం అంతేనండీ” అంటారు. అక్కడితో సంభాషణ సమాప్తం. నా పేచీ ఈ రెండో మాటతో. వినడానికి అది పెద్దమనిషి మాటలా ఉంటుంది, చరిత్ర తెలిసినవాడి ఓర్పులా ఉంటుంది. నిజానికి అది పుస్తకాన్ని చదవకుండా తప్పించుకునే దారి. ఆ మాట అన్నవాళ్ళు డాంటే కాలాన్నీ సరిగ్గా చూడలేదు, డాంటేనీ సరిగ్గా చూడలేదు.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెప్తాను. 1300వ సంవత్సరం ఈస్టర్ రోజుల్లో, ముప్ఫై అయిదేళ్ళ డాంటే ఒక చీకటి అడవిలో దారి తప్పుతాడు. అతన్ని కాపాడటానికి వచ్చేది దేవదూత కాదు, క్రైస్తవ సాధువూ కాదు. పదమూడు శతాబ్దాల క్రితం చనిపోయిన రోమన్ కవి వర్జిల్, ‘ఈనియడ్’ కర్త. అతను డాంటేని నరకంలోని తొమ్మిది వలయాలూ దింపి, అవతలివైపు పర్గటరీ కొండ ఎక్కించి, శిఖరం మీద భూలోక స్వర్గం దాకా తీసుకొస్తాడు. దయ్యాలు వెంటపడితే, ఇల్లు తగలబడుతుంటే తల్లి బిడ్డని ఎత్తుకుని పరిగెత్తినట్టు, అతన్ని గుండెకి హత్తుకుని లోయలోకి జారిపోతాడు. డాంటే అతన్ని గురువు అంటాడు, చివరికి తండ్రీ అంటాడు. అక్కడినుంచి ముందుకి మాత్రం ఆ తండ్రి రాకూడదు. మళ్ళీ నరకంలోకి, తన చోటికి పోవాలి. కారణం, అతను క్రీస్తు పుట్టకముందే, క్రీ.పూ. 19లో చనిపోయాడు.

నేను ఇటాలియన్ చదవలేను. పగలు కోడ్ రాసుకుని రాత్రిళ్ళు రెండు మూడు ఇంగ్లీషు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదివే బాపతు. కాబట్టి డాంటే ఛందస్సు జోలికి పోను. కానీ ఎవరు ఎక్కడున్నారు, ఎందుకున్నారు అన్నది ఏ అనువాదంలోనైనా ఒకటే. నా తగువుకి అది చాలు.

ఏడు గోడల కోట

నరకంలో మొదటి వలయం పేరు లింబో. ఇక్కడ మంటల్లేవు, కొరడాల్లేవు. నిట్టూర్పులు మాత్రం ఉన్నాయి. ఉన్నవాళ్ళు పాపం చేసినవాళ్ళు కారు. బాప్తిస్మం లేనివాళ్ళు, క్రీస్తుకి ముందు పుట్టి దేవుణ్ణి కొలవవలసిన తీరులో కొలవనివాళ్ళు. వాళ్ళకున్న శిక్ష ఒక్కటే: దేవుణ్ణి చూడాలన్న కోరిక ఉంటుంది, తీరుతుందన్న ఆశ ఉండదు. శాశ్వతంగా. ఆ చీకట్లో ఒకచోట వెలుగు, వెలుగులో ఏడు గోడల కోట, చుట్టూ చిన్న ఏరు, లోపల పచ్చిక. హోమర్, హొరేస్, ఓవిడ్, లూకన్ ఎదురొచ్చి వర్జిల్‌ని ఆహ్వానిస్తారు, డాంటేని తమలో ఆరోవాడిగా చేర్చుకుంటారు. లోపల సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్ ఉన్నారు. క్రీస్తు తర్వాతి కాలపు అవిసెన్నా, అవెరోస్, సలాదీన్ కూడా ఉన్నారు.

ఈ కోటని చూపించి “చూశారా, డాంటే ఎంత గౌరవం ఇచ్చాడో!” అనడం రివాజు. గౌరవం ఇచ్చిన మాట నిజమే. గేటెడ్ కమ్యూనిటీ లాంటి నరకం కట్టించాడు. కానీ గౌరవం న్యాయానికి బదులు కాదు. ‘వీళ్ళు ఇంత గొప్పవాళ్ళు’ అని డాంటే ఎంత ఎక్కువగా చెబితే, ‘మరి ఇక్కడెందుకున్నారు?’ అన్న ప్రశ్న అంత పెద్దదవుతుంది.

అదే సర్గలో దాదాపు ఎవరూ ఆగని చోటు ఒకటుంది. ఇక్కడినుంచి ఎవరైనా ఎప్పుడైనా బయటపడ్డారా అని డాంటే అడుగుతాడు. వర్జిల్ జవాబు చెబుతాడు: నేను ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజుల్లో, విజయ చిహ్నంతో కిరీటం పెట్టుకున్న ఒక మహాబలుడు వచ్చాడు. ఆదామునీ, హేబెలునీ, నోవహునీ, మోషేనీ, అబ్రాహామునీ, దావీదునీ, యాకోబునీ, రాహేలునీ, ఇంకా ఎందరినో తీసుకుని వెళ్ళిపోయాడు. క్రీస్తు సిలువ మీద చనిపోయాక పాతాళానికి దిగి, తన రాక కోసం ఎదురుచూసిన పూర్వికులను విడిపించాడన్నది క్రైస్తవంలో చాలా పాత నమ్మకం. డాంటే దాన్ని వర్జిల్ కళ్ళతో చూపించాడు. లెక్క వేసుకోండి. క్రీ.పూ. 19 నుంచి అప్పటికి సుమారు యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళుగా అక్కడున్న మనిషి కళ్ళముందు తలుపు తెరుచుకుంది. పక్కనున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచారు. తలుపు మూసుకుంది. వచ్చినవాడు ఎవరో అతనికి తెలియదు, పేరు కూడా చెప్పలేదు. ‘గౌరవం’ అనేవాళ్ళు ఈ పన్నెండు పదిహేను పాదాలు ఇంకోసారి చదవాలి.

ఇంకో మాట. డాంటే నాటికి వేదాంత పండితుల లింబోలో ప్రధానంగా ఉన్నవాళ్ళు రెండు రకాలు: క్రీస్తు వచ్చి విడిపించేదాకా వేచి ఉన్న పూర్వికులు, బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డలు. పెద్దవయసు వచ్చిన గ్రీకు, రోమన్ మహానుభావులకి అందులో కోట కట్టి కూర్చోబెట్టడం చాలావరకు డాంటే సొంత ఊహ. అంటే ‘కాలం’ అతని చేత ఈ పని చేయించలేదు. కాలం ఇచ్చిన పటాన్ని దిద్దుకుని మరీ చేశాడు.

ఆ కాలం ఎంత?

అసలు ‘ఆ కాలం’ అంటే ఏమిటి? అందరూ ఒకే మాట అన్నారా?

రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, వివేకాన్ని అనుసరించి బతికినవాళ్ళు క్రైస్తవులేనని వాదించాడు. నాస్తికులని పేరుపడ్డా సరే, సోక్రటీస్, హెరాక్లైటస్ లాంటివాళ్ళు అలాంటివాళ్ళేనన్నాడు. తర్వాత విశ్వాసం కోసం ప్రాణమిచ్చి ‘హతసాక్షి’ అనిపించుకున్నవాడే ఆ మాట అన్నాడు. డాంటే తొమ్మిదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, 1274లో చనిపోయిన థామస్ అక్వినాస్ ఇంకా జాగ్రత్తగా మాట్లాడాడు: అడవిలో పెరిగిన మనిషి తన బుద్ధికి తోచిన మంచిని అనుసరిస్తే, దేవుడు అతనికి లోపలినుంచైనా తెలియజేస్తాడు, బోధకుణ్ణయినా పంపిస్తాడు. క్రీస్తుకి ముందరి అన్యుల్లో రక్షణ పొందినవాళ్ళుంటే, దైవ సంరక్షణ మీద వాళ్ళకున్న నమ్మకంలోనే క్రీస్తు మీద విశ్వాసం ఇమిడి ఉందనుకోవచ్చు. ఇదీ అక్వినాస్ మాట. డాంటే అతన్ని చదివాడు, స్వర్గంలో సూర్యమండలంలో కూర్చోబెట్టాడు కూడా.

దీనికి ఎదురు మాటా ఉంది. అగస్టీన్ బాప్తిస్మం లేని పసిబిడ్డలకి కూడా, ఎంత తేలికదైనా, శిక్ష తప్పదన్నాడు. అంటే ఆ కాలం ఒక తగువు. వెయ్యేళ్ళుగా తెగని తగువు. తగువు నడుస్తున్నప్పుడు ఒక పక్షం వైపు నిలబడినవాణ్ణి “పాపం, అతనికి ఇంకో పక్షం ఉందని తెలియదు” అనడం దయ కాదు, అవమానం.

ఇవన్నీ బయటి సాక్ష్యాలు. వీటికన్నా గట్టి సాక్షి డాంటేనే.

పర్గటరీ కొండ కింద, ఒడ్డున కాపలా ఉన్నది ఎవరు? కేటో. క్రీస్తుకి ముందువాడు, అన్యుడు, పైగా క్రీ.పూ. 46లో ఆత్మహత్య చేసుకున్నవాడు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకి నరకంలో ఏడో వలయం, ముళ్ళ చెట్లయి నిలబడాలి. కేటోకి అదేం లేదు. చివరి తీర్పునాడు అతని శరీరం దేదీప్యమానంగా వెలుగుతుందని వర్జిల్ నోటితోనే అనిపిస్తాడు డాంటే.

ట్రేజన్. రోమన్ చక్రవర్తి, అన్యుడు. కొడుకుని పోగొట్టుకున్న ఒక విధవరాలు దారికి అడ్డంపడి న్యాయం అడిగితే, యుద్ధానికి పోతున్నవాడు ఆగి న్యాయం చేశాడట. ఆ కథ విన్న పోప్ గ్రెగరీ కన్నీళ్ళతో ప్రార్థిస్తే, ట్రేజన్ నరకం నుంచి తిరిగి శరీరంలోకి వచ్చి, విశ్వసించి, స్వర్గానికి పోయాడని మధ్యయుగంలో అందరికీ తెలిసిన గాథ. డాంటే దాన్ని అలాగే తీసుకున్నాడు.

స్టేషియస్. మొదటి శతాబ్దపు రోమన్ కవి. ఇతను రహస్యంగా క్రైస్తవుడయ్యాడని పర్గటోరియోలో ఉంది. చరిత్రలో దానికి ఆధారం లేదు. అక్కడితో ఆగితే బాగుండును. ఏం చదివి క్రైస్తవుడయ్యాడట? వర్జిల్‌ని! క్రీ.పూ. 40 ప్రాంతంలో రాసిన నాలుగో ఎక్లాగ్‌లో, ఒక శిశువు పుట్టి స్వర్ణయుగం తెస్తాడని వర్జిల్ అన్నాడు. అది క్రీస్తు గురించేనని మధ్యయుగం నమ్మింది. నువ్వు చీకట్లో దీపాన్ని వీపు వెనక పట్టుకుని నడిచినవాడివి, నీకు పనికిరాలేదు గానీ వెనక వచ్చినవాళ్ళకి దారి చూపించావు, అని స్టేషియస్ అదే వర్జిల్‌తో అంటాడు. శిష్యుడు పైకి పోతాడు. దీపం పట్టినవాడు కిందికి పోతాడు.

ఇక రిఫియస్.

రిఫియస్ అంటే ఎవరో తెలియకపోతే మీ తప్పు కాదు. ఈనియడ్ రెండో కాండలో, ట్రాయ్ తగలబడుతున్న రాత్రి చచ్చిపోయే సైనికుల్లో ఒకడు. అతని గురించి వర్జిల్ చెప్పింది ఒకటిన్నర పాదం: ట్రాయ్ మొత్తంలో అంత ధర్మాత్ముడు లేడు, అయినా దేవతలు వేరే తలిచారు. అంతే. ట్రాయ్ యుద్ధం క్రీస్తుకి వెయ్యేళ్ళ పైచిలుకు ముందు. ఈ రిఫియస్‌ని డాంటే పారడీసో ఇరవయ్యో సర్గలో గురు మండలంలో, న్యాయమూర్తులైన రాజుల ఆత్మలు కలిసి ఏర్పడ్డ గరుడపక్షి కనుబొమ్మలో, దావీదు, హిజ్కియా, కాన్‌స్టంటైన్‌ల సరసన నిలబెట్టాడు! ఎలా? లోతెరుగని ఊటలోంచి వచ్చిన కృప రానున్న రక్షణని అతని కళ్ళకి చూపించిందట. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే ముగ్గురు స్త్రీలు, బాప్తిస్మం పుట్టడానికి వెయ్యేళ్ళకి పైగా ముందే, అతనికి బాప్తిస్మానికి బదులుగా నిలిచారట.

మా వృత్తిలో దీన్ని హార్డ్‌కోడింగ్ అంటారు. నియమం ఒకటి రాసి, ఒక్క పేరుకి మాత్రం ‘ఇతను అయితే లోపలికి పంపు’ అని విడిగా రాయడం. కోడ్ రివ్యూలో ఎవరైనా అడుగుతారు: “ఈ ఒక్కడికే ఎందుకు? ఇదే తర్కం మిగతావాళ్ళకి ఎందుకు పనిచేయదు?” జవాబు ఉండాలి. డాంటే దగ్గర జవాబు లేదు, కృప అంతుబట్టదు అన్న మాట తప్ప. సరే, అంతుబట్టదు. కానీ ఈ కావ్యంలో కృప ఎవరిమీద పడాలో రాసింది డాంటే చెయ్యి. రిఫియస్‌ని ఎంచుకోమని ఏ పండితుడూ చెప్పలేదు, ఏ గాథలోనూ లేదు, ఏ సాధువూ అతని కోసం ప్రార్థించలేదు. ఇది పూర్తిగా కవి ఇష్టం.

ఇందులో ఇంకో మెలిక చూడండి. ‘దేవతలు వేరే తలిచారు’ అన్న మాటలో వర్జిల్ ఫిర్యాదు ఉంది. మంచివాడు ఎందుకిలా చచ్చాడని దైవాన్ని నిలదీసిన మాట అది. డాంటే పదమూడు శతాబ్దాల తర్వాత ఆ ఫిర్యాదు విన్నాడు, న్యాయం చేశాడు, రిఫియస్‌ని స్వర్గానికి పంపాడు. అర్జీ గెలిచింది. అర్జీ రాసినవాడు మాత్రం లోపలే ఉండిపోయాడు. వర్జిల్ కల్పించిన పాత్ర స్వర్గంలో, వర్జిల్ నరకంలో. ‘ఆ కాలం అంతే’ అనేవాళ్ళు దీన్ని ఏ కాలం మీద తోస్తారు?

కన్నీళ్ళు కావాలి, కారణం వద్దు

రెండో సమర్థన కొంచెం తెలివైనది. కాలం సంగతి వదిలేయండి, కళ సంగతి చూడండి అంటుంది. వర్జిల్‌కి స్వర్గం దొరికితే కావ్యం చప్పబడిపోయేది, ఆ విషాదమే దాని ప్రాణం, అని.

విషాదం సంగతి నేనూ ఒప్పుకుంటాను. పర్గటోరియో ముప్ఫయ్యో సర్గలో బియాట్రిస్ కనపడగానే డాంటే గజగజ వణికి, భయపడిన పిల్లాడు అమ్మవైపు తిరిగినట్టు వర్జిల్ వైపు తిరుగుతాడు. వర్జిల్ లేడు. చెప్పకుండా వెళ్ళిపోయాడు. మూడే మూడు పాదాల్లో ఆ పేరు మూడుసార్లు వస్తుంది. బియాట్రిస్, వర్జిల్ వెళ్ళాడని ఏడవకు, నువ్వు ఏడవాల్సింది వేరే ఉంది అని గదమాయిస్తుంది. మొత్తం కావ్యంలో డాంటే పేరు వినపడేది అక్కడ ఒక్కచోటే. ఆ పుట దగ్గర ఆగిపోని పాఠకుణ్ణి నేను ఊహించలేను.

కానీ ఎందుకు ఆగిపోతాం? వర్జిల్‌కి అన్యాయం జరిగిందని మనకి అనిపిస్తుంది కాబట్టి. దక్కవలసిన శిక్షే దక్కిందనుకుంటే ఏడుపు రాదు. కాబట్టి ఈ సమర్థన తన కాళ్ళని తానే నరుక్కుంటోంది. అన్యాయం లేదంటే విషాదం లేదు. విషాదం ఉందంటే అన్యాయం ఉన్నట్టే. కన్నీళ్ళు మాత్రం కావాలి, కారణం మాత్రం అడగొద్దు అంటే కుదరదు.

రెండు చిన్న సంగతులు కూడా ఇక్కడే చెప్పాలి. ఇన్‌ఫెర్నో రెండో సర్గలో, డాంటేని కాపాడమని వర్జిల్‌ని అడగడానికి బియాట్రిస్ లింబోకి దిగి వస్తుంది. నా ప్రభువు ముందు నిలిచినప్పుడు నీ గురించి తరచూ మెచ్చుకుంటూ చెబుతానని మాటిస్తుంది. పారడీసో ముప్ఫై మూడు సర్గల్లో ఆమె ఆ మాట నిలబెట్టుకున్న చోటు ఒక్కటి కూడా మనకి వినపడదు. ఇక డాంటే సంగతి. గ్రెగరీ ప్రార్థనతో ఒక అన్యుడు నరకం నుంచి లేచి వచ్చిన కథ తెలిసినవాడు, బతికున్నవాళ్ళ ప్రార్థనలు చనిపోయినవాళ్ళకి పనికొస్తాయని పర్గటరీలో అడుగడుగునా విన్నవాడు. వంద సర్గల్లో వర్జిల్ కోసం ఒక్క ప్రార్థన చేయడు. నరకంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించకూడదన్నది నియమం, ఇంకోసారి ఇలా చేయకు అని గ్రెగరీని కూడా మందలించినట్టు గాథల్లో ఉంది. నిజమే. కానీ గ్రెగరీ అడిగాడు కదా! ఎన్నడూ చూడని చక్రవర్తి కోసం ఒక పోప్ కన్నీళ్ళు పెట్టాడు. ప్రాణం కాపాడిన తండ్రి కోసం ఈ కొడుకు ఏమీ అడగలేదు.

సింధు ఒడ్డున మనిషి

మూడో సమర్థన విశ్వాసులది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే దాన్ని డాంటేనే అందరికన్నా బాగా చెప్పాడు. పైగా చెప్పడానికి ఎంచుకున్న ఉదాహరణ మన దేశం నుంచే.

పారడీసో పందొమ్మిదో సర్గ. గరుడపక్షి డాంటే మనసులో ఎన్నాళ్ళుగానో నలుగుతున్న సందేహాన్ని బయటికి తీస్తుంది. సింధు నది ఒడ్డున ఒక మనిషి పుడతాడు. క్రీస్తు గురించి చెప్పేవాళ్ళు, చదివేవాళ్ళు, రాసేవాళ్ళు అక్కడ లేరు. మనిషి బుద్ధికి అందినంతమేర అతని కోరికలూ పనులూ మంచివే. మాటలో చేతలో పాపం లేదు. బాప్తిస్మం లేకుండా, విశ్వాసం లేకుండా చనిపోతాడు. అతన్ని శిక్షించే న్యాయం ఏది? నమ్మకపోవడంలో అతని తప్పేది?

ఏడు వందల ఏళ్ళ క్రితం ఫ్లారెన్స్ నుంచి వెలివేయబడ్డ ఒక కవి మన సింధు ఒడ్డు మనిషి తరఫున ఇంత నిక్కచ్చిగా ప్రశ్న అడిగాడు. ‘ఆ కాలం అంతే’ అనేవాళ్ళకి ఇది ఎలా కనపడదో నాకు అర్థం కాదు.

జవాబుగా పక్షి ఏమంటుంది? జానెడు దూరం చూడగల కళ్ళతో, వెయ్యి మైళ్ళ అవతల విషయాన్ని న్యాయపీఠం ఎక్కి తీర్పు చెప్పడానికి నువ్వెవరు? క్రీస్తుని నమ్మనివాడెవడూ, అతను రాకముందు గానీ వచ్చాక గానీ, ఇక్కడికి ఎక్కలేదు. ఆ వెంటనే ఇంకో మాట: కానీ క్రీస్తు, క్రీస్తు అని అరిచేవాళ్ళలో చాలామంది తీర్పునాడు, క్రీస్తుని ఎరగనివాడి కన్నా దూరంగా ఉంటారు. ఆ తర్వాత ఐరోపా క్రైస్తవ రాజులందరినీ వరసపెట్టి దులిపేస్తుంది.

ఈ జవాబులో వినయం ఉంది. దైవ న్యాయాన్ని నా చిన్న బుర్రతో కొలవను అనడం విశ్వాసికి సహజం. నా కష్టం గురించి నేను ఆ మాట అనుకుంటే అది నిజంగా వినయమే. నా బిడ్డ పోయినప్పుడు, నా పొలం ఎండినప్పుడు ‘ఆయన లెక్క నాకు తెలియదు’ అనుకుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇంకొకరి శిక్ష గురించి, అదీ శాశ్వతమైన శిక్ష గురించి, నేను లోపల కూర్చుని ‘ఆయన లెక్క మనకి తెలియదు’ అంటే? ఆ వినయానికి వెల కట్టేది నేను కాదు, బయట నిలబడ్డవాడు. ఎదుటివాడి ఖర్చుతో చేసే వినయం వినయం కాదు.

బైబిల్లోనే దీనికి సాక్ష్యం ఉంది. యోబు గ్రంథం చివర దేవుడు కోప్పడేది ఎవరిమీద? తనని నిలదీసిన యోబు మీద కాదు. దేవుడు న్యాయవంతుడు, నువ్వే ఏదో తప్పు చేసుంటావు అని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మీద. మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు అంటాడు. కాబట్టి ప్రశ్న అడగడం అవిశ్వాసం అనుకోనక్కరలేదు.

పైగా డాంటే ఆ జవాబుతో సరిపెట్టుకోలేదనడానికి రుజువు పక్క సర్గలోనే ఉంది. ‘నువ్వెవరు తీర్పు చెప్పడానికి’ అని పక్షి చేత అనిపించినవాడు, మరుసటి సర్గలో రిఫియస్ విషయంలో తానే తీర్పు చెప్పేశాడు! ఒక్క మనిషికి తలుపు తీశాడు. అంటే తలుపుకి గొళ్ళెం ఉంది, గోడ కాదు. అది తెలిశాక ‘వర్జిల్‌కి ఎందుకు తీయలేదు’ అని మనం అడగడం న్యాయం. తానొక తిరుగుబాటుదారుణ్ణని ఇన్‌ఫెర్నో మొదటి సర్గలో వర్జిల్ చెప్పుకుంటాడు. వినని శాసనం మీద తిరుగుబాటు ఎలా చేస్తారు? పర్గటోరియో ఏడో సర్గకి వచ్చేసరికి, చేసినదానికి కాదు చేయనిదానికి పోగొట్టుకున్నాను అంటాడు. చేయడానికి వీల్లేని పని చేయలేదన్నమాట.

మనకెందుకు?

ఇటలీ కవి, రోమన్ కవి, మధ్యలో మనకెందుకు అని అడగొచ్చు.

1549లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్ వెళ్ళాడు. అక్కడ కొత్తగా విశ్వాసులైనవాళ్ళు తమ తాతముత్తాతల గురించి అడిగారని, నరకంలో ఉన్నవాళ్ళని విడిపించే మార్గం లేదని తాను చెబితే దుఃఖపడి ఏడ్చేవారని 1552లో రాసిన లేఖలో ఉంది. ఆ దుఃఖం తనకీ బాధ కలిగించిందని కూడా రాశాడు. ఇక్కడ ప్రశ్న అడుగుతున్నది పండితుడు కాదు. అమ్మనీ నాన్ననీ తలుచుకుంటున్న మామూలు మనిషి.

1878 జులై 3న, పెద్ద కరువు తర్వాత, ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది ఊరు వెలివేసిన మాదిగలు. ఆ నీళ్ళలోకి దిగడం వాళ్ళకి ఏమిచ్చిందో, బడి, అక్షరం, తలెత్తుకునే హక్కు, దాని గురించి వంకర మాట మాట్లాడే అర్హత నాకు లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ రెండు వేల పైచిలుకు మందిలో ప్రతి ఒక్కరికీ ఒక అమ్మమ్మ ఉండి ఉంటుంది. ఊరు ఆమెని పుట్టిన కులాన్ని బట్టి బయట నిలబెట్టింది. ఆమెని పుట్టిన తేదీని బట్టి ఇంకోసారి బయట నిలబెట్టడం ఏం న్యాయం? వర్జిల్‌కి ఏడు గోడల కోటైనా ఉంది. ఆమెకి ఏ కవీ కోట కట్టలేదు.

ఈ ప్రశ్నని క్రైస్తవం మూసిపెట్టలేదు. 1964లో రెండో వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్ళు, నిజాయితీగా దేవుణ్ణి వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం నడిస్తే, రక్షణ పొందవచ్చని రాసింది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డల విషయంలో ఆశపడటానికి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంతుల సంఘం ఒక పత్రం వెలువరించింది. మిగతా సంఘాల్లో రకరకాల అభిప్రాయాలు ఇప్పటికీ ఉన్నాయి. కాలం దానంతటదే మారలేదు. ‘ఆ కాలం అంతే’ అనకుండా అడుగుతూ వచ్చినవాళ్ళ వల్ల మారింది. వాళ్ళలో డాంటే ఒకడు, తన జవాబు కన్నా తన ప్రశ్న గట్టిగా ఉండటం వల్ల.

ఈ మాట మన విమర్శకులకి కూడా. శంబూకుడి వధ దగ్గర మనమూ ఇదే పాట పాడతాం. కానీ ఎనిమిదో శతాబ్దంలోనే భవభూతి ఆ ఘట్టం రాయబోయి తడబడ్డాడు. రాముడు కత్తి ఎత్తడానికి తన చేతినే బతిమాలుకోవాల్సి వస్తుంది ఉత్తరరామచరితంలో, నిండు గర్భిణిని అడవికి పంపిన చెయ్యివి, నీకు జాలేమిటని. వధించబడ్డవాడు దివ్యరూపంతో లేచి వచ్చి నమస్కరిస్తాడు. ఆ కాలం అంతే అయితే ఆ కాలపు కవికి ఆ తడబాటు ఎందుకు? కాలం ఒక్క గొంతుతో మాట్లాడదు. అలా మాట్లాడిందని మనం చెప్పిన ప్రతిసారీ, అప్పుడు ఎదురుచెప్పినవాళ్ళ నోరు నొక్కుతున్నాం.

డాంటేని తప్పుపట్టి పుస్తకం మూసేయమని కాదు నేను చెప్పేది. అతన్ని నిర్దోషిగా విడుదల చేయకండి, అంతే. పర్గటోరియో మూడో సర్గలో వర్జిల్, అన్నీ తెలుసుకోవాలని మనుషులు ఆశపడకూడదు, అరిస్టాటిల్, ప్లేటో లాంటివాళ్ళ కోరికే వాళ్ళకి శాశ్వత దుఃఖమయింది, ఇంకా ఎందరో, అని చెబుతూ చెబుతూ ఆగిపోతాడు. తల దించుకుంటాడు. ఆ ‘ఎందరో’లో తానున్నాడు. ఆ తల దించుకోవడాన్ని రాసింది డాంటేనే, చెరిపేయకుండా ఉంచింది డాంటేనే. దాన్ని చూసి కూడా చూడనట్టు పోయేది మనం.

ఈసారి ఎవరైనా “ఆ కాలం అంతేనండీ” అంటే, రిఫియస్ సంగతేమిటని అడగండి.